పాత రైలుకట్ట మీద నడక, గది అడగడానికి వచ్చిన అమ్మాయితో

ఈ నడకకు కారణం ప్రకృతి మీద ప్రేమ కాదు, మా బేస్‌మెంట్‌లో ఖాళీ అయిన గది. 2023 మే నెలాఖరున అందులో ఉంటున్న అమ్మాయికి వాటర్లూలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. మా అమ్మాయి విజయ తెలుగువాళ్ల గ్రూపులో ఒక చిన్న ప్రకటన పెట్టింది. టొరంటో పడమటివైపు ఎటోబికోలో గది, ఆడపిల్లకు మాత్రమే, వంటగది కలిసి వాడుకోవాలి, రాత్రి షిఫ్టులు చేసేవాళ్లు వద్దు. ఆ చివరి షరతు నేను చేర్చించాను. వెళ్లిపోయిన అమ్మాయి తెల్లవారుజామున వచ్చి మైక్రోవేవ్ మోగిస్తుంటే మా మనవరాలు ఉలిక్కిపడి లేచేది. ప్రకటన పెట్టిన సాయంత్రం నుంచి ఫోను ఆగలేదు. ఆ ఏడాది మన పిల్లలు విమానాలనిండా వచ్చి దిగుతున్నారు, దిగినవాళ్లకు తల దాచుకోవడానికి గది దొరకడం లేదు. ఒకమ్మాయి విమానాశ్రయం నుంచే ఫోన్ చేసింది.

మా అల్లుడు ముందు అడ్వాన్సు పంపినవాళ్లకు ఇచ్చేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. సోఫాలో కూర్చోబెట్టి టీ ఇస్తే పావుగంటసేపు ఎవరైనా బుద్ధిమంతులే. ముప్ఫై ఏళ్లకు పైగా బడి నడిపినదాన్ని, హెడ్‌మిస్ట్రెస్ గదిలో నిలబడిన పిల్లకూ మైదానంలో నడుస్తున్న పిల్లకూ తేడా నాకు తెలుసు. కాబట్టి గది కావాలన్నవాళ్లను నాతో రెండు కిలోమీటర్లు నడిపిస్తానన్నాను. "అమ్మమ్మా, దిస్ ఈజ్ నాట్ ఎ జాబ్ ఇంటర్వ్యూ" అంది మనవరాలు. ఉద్యోగమైతే నచ్చకపోతే మానేయవచ్చు, ఇంట్లోకి వచ్చిన మనిషిని పంపించడం అంత తేలిక కాదని చెప్పాను. ఫోన్లో మాట్లాడినవాళ్లలో తొందరపడకుండా, అడిగినదానికి సూటిగా జవాబిచ్చిన మమత అనే అమ్మాయిని జూన్ మొదటి శనివారం ఉదయం ఏడున్నరకు కిప్లింగ్ సబ్‌వే స్టేషన్‌కు రమ్మన్నాను.

నడకకు నేను ఎంచుకున్నది వెస్ట్ టొరంటో రైల్‌పాత్. ఒకప్పుడు సరుకుల రైళ్లు తిరిగిన కట్ట అది. పట్టాలు తీసేసి, తారు దారి వేసి, రెండువైపులా మొక్కలు నాటి పార్కు చేశారు. కొన్నిచోట్ల ఊరి వీధులు కింద ఉంటాయి, మనం వాటి మీదుగా పాత రైలు వంతెనలు దాటుతూ నడుస్తాం. పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వచ్చి, కిటికీలోంచి పక్కింటి గరాజ్ తలుపు చూస్తూ కూర్చునే మన వయసువాళ్లకు ఇంతకన్నా మంచి చోటు నేను చూడలేదు. నా మోకాళ్లు ఒప్పుకుంటాయి, అది మొదటి కారణం. మావారు రైల్వేలో పనిచేసినన్నాళ్లూ బిట్రగుంట క్వార్టర్స్‌లో ఉన్నాం. రైలు నిటారుగా ఉన్న ఎత్తు ఎక్కలేదని అక్కడ ప్రతి ఇల్లాలికీ తెలుసు. రైలుకోసం వేసిన కట్ట కాబట్టి ఇక్కడ ఎక్కడా ఆయాసం రాదు.

నేను ఇంట్లో ప్రార్థన ముగించుకుని, ఇడ్లీలు డబ్బాలో సర్ది, మూత మీద అల్లం పచ్చడి చిన్న సీసా కట్టి, డబ్బా చేత్తో పట్టుకుని బస్సెక్కాను. సీనియర్ కార్డు మీద టికెట్టు రెండు డాలర్ల పాతిక సెంట్లు. కార్డు తాకించినప్పటి నుంచి రెండు గంటలపాటు బస్సూ సబ్‌వే ఎన్నిసార్లు మారినా మళ్లీ డబ్బు పట్టుకోదు. విద్యార్థులకు కాలేజీ వయసులో ఈ తగ్గింపు లేదు, పెద్దవాళ్ల ఛార్జీయే.

మమత నాకన్నా ముందే వచ్చి గేటు పక్కన నిలబడి ఉంది. సన్నటి పిల్ల, చామనఛాయ, వీపుకు బ్యాగు. దూరం నుంచే చేతులు జోడించి "నమస్తే ఆంటీ" అంది.

"నీ వయసుకు నేను ఆంటీని కాదు. అమ్మమ్మా అను."

"సరే అమ్మమ్మగారూ."

"తిన్నావా?"

"తినే వచ్చానండి."

"రాత్రి సరిగ్గా నిద్రపోయావా? చాలా దూరం నడవాలి."

"బాగా పడుకున్నానండి."

రెండు జవాబులూ వెంటనే వచ్చాయి. నేను ఆమె నుదుటివైపు చూశాను. జుట్టు మొదలయ్యేచోట ఈ చెవి నుంచి ఆ చెవి దాకా సన్నటి ఎర్రటి గీత ఉంది, గట్టి ఎలాస్టిక్ టోపీ గంటలకొద్దీ పెట్టుకుంటే పడే గీత. నల్ల బూట్ల కుట్లలో పిండి తెల్లగా ఇరుక్కుని ఉంది. విమానాశ్రయం వైపు రాత్రంతా నడిచే బ్రెడ్డు ఫ్యాక్టరీలు ఉన్నాయని ఎటోబికోలో ఎవరినడిగినా చెబుతారు. నేను ప్లాట్‌ఫారం వైపు నడిచాను. బడిలో కూడా మొదటి అబద్ధం దగ్గరే పట్టుకునేదాన్ని కాదు, పిల్ల తనంతట తాను దిద్దుకుంటుందేమోనని కాస్త సమయం ఇచ్చేదాన్ని.

కిప్లింగ్ నుంచి డండాస్ వెస్ట్ స్టేషన్‌కు సబ్‌వేలో ఇరవై నిమిషాల లోపే. అక్కడ ఉత్తరంగా వెళ్లే బస్సు ఎక్కి కరిబూ అవెన్యూకు దగ్గరి స్టాపులో దిగాలి. ఎక్కడ దిగాలో అడిగితే డ్రైవరు, "రైల్‌పాత్‌కా? నేను చెబుతాను, కూర్చోండమ్మా" అని ఇంగ్లీషులో అంటూ చెయ్యి ఊపాడు. చెప్పినట్టే మా స్టాపు రాగానే అద్దంలోంచి నన్ను చూసి తల ఊపాడు. మమత ఆ కాసేపట్లోనే కునికిపాటు పడి, నా భుజానికి తల తగలగానే సర్దుకుని "సారీ అండి" అంది.

దారి మొదట్లో తుప్పు రంగు ఇనుప శిల్పాలు కనిపిస్తాయి. ఆ చుట్టుపక్కల ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేని ఫ్యాక్టరీల ఆకారాలవి. జూన్‌లో రెండువైపులా పచ్చగా ఎదిగి ఉంటుంది. అడవిగులాబీలు పూశాయి, వేపాకులా జంటలు జంటలుగా ఆకులున్న పొదలు మనిషెత్తు పెరిగాయి. ఒకవైపు కంచె అవతల ఇప్పటి పట్టాలు, వాటి మీద నిజం రైళ్లు. ఒక జాగ్రత్త చెప్పాలి. మన ఊళ్లో ఉదయపు నడకంటే నలుగురం వరసగా దారినిండా నడుస్తాం, మాటలు కూడా వీధి చివరికి వినిపిస్తాయి. ఇక్కడ సైకిళ్లు వేగంగా వస్తాయి. కుడివైపు ఒకరి వెనుక ఒకరు నడవాలి, వెనకనుంచి గంట వినబడితే పక్కకు గెంతకూడదు, ఉన్న గీతలోనే సాగిపోవాలి. మమతకు ఇది చెప్పాల్సిన అవసరం రాలేదు. తానే వెనక్కి తగ్గి, సైకిలు వచ్చిన ప్రతిసారీ నా మోచేతిని కొద్దిగా తాకి వదిలేసేది.

అదొక మంచి మార్కు. ఫోను బయటికి తీయకపోవడం రెండోది. అయినా డూపాంట్ వీధి మీది వంతెన దాటుతూ మరో అవకాశం ఇచ్చాను.

"ఎక్కడ పనిచేస్తున్నావన్నావు?"

"ఫుడ్ ప్యాకింగ్ అండి."

"పగలేనా?"

వంతెన కమ్మీ వైపు చూసింది. "పగలేనండి."

వంతెన కింద కార్లు పోతున్నాయి. పై నుంచి చూస్తే వీధి చివర చర్చి గోపురం దాకా కనిపిస్తుంది, ఫొటో తీసుకోవాలనుకునేవారికి పొద్దున్న ఆ వెలుతురే మంచిది. నేను మాత్రం ఆ వంతెన మీదే ఈ పిల్లకు గది ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాను. నెలాఖరుకు ఆమె ఉన్న చోటు ఖాళీ చేయాలని, ఆ ఇంటివాళ్లు అమ్మేస్తున్నారని ఫోన్లోనే చెప్పింది. రెండు గదుల్లో ఆరుగురున్నారట. జాలి కలిగిన మాట నిజం. కానీ ఒక కప్పు కింద ఉండబోయే మనిషి, ముఖం చూసి అడిగిన ప్రశ్నకు మూడుసార్లు అబద్ధం చెబితే నాలుగోసారి ఏమి చెబుతుందో నాకు అనవసరం. నడక ముగిశాక మర్యాదగా చెప్పి పంపాలనుకున్నాను.

వాలెస్ అవెన్యూ దగ్గర పట్టాల మీదుగా ఒక పాత ఇనుప కాలివంతెన ఉంది. మెట్లెక్కగలిగినవాళ్లు ఎక్కి చూడండి, ఊరంతా కనిపిస్తుంది. నేను ఎక్కలేదు. అది దాటి కొంచెం ముందుకొచ్చేసరికి పక్క పట్టాల మీద విమానాశ్రయం రైలు వెళ్లింది. కిటికీల్లో పెద్ద పెద్ద సూట్‌కేసులు, వాటి మీద గడ్డం ఆనించుకుని బయటికి చూస్తున్న పిల్లలు. మమత నిలబడిపోయింది.

"నేనూ ఇందులోనే వచ్చానండి, సెప్టెంబర్‌లో. ఇక్కడ ఎవరో నడుస్తుంటే చూసి, వీళ్లందరికీ సొంత ఇళ్లు ఉండి ఉంటాయి అనుకున్నా" అంది. తర్వాత తనే నవ్వడానికి ప్రయత్నించింది, నవ్వు పూర్తి కాలేదు. ముఖం పాలిపోయి ఉంది.

బ్లూర్ వీధి వంతెనకు ముందు కూర్చోవడానికి వీలైన కాంక్రీటు గట్టు ఉంది. ఈ దారిలో కూర్చునే చోట్లు తక్కువ, కనబడినప్పుడు కూర్చోండి. మరుగుదొడ్డి అసలే లేదు, స్టేషన్ దగ్గరి కాఫీ దుకాణంలో ముందే పని చూసుకుని రావాలి. ఆ గట్టు మీద ఒక పెద్దాయన థర్మాస్, కాగితపు సంచి పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పోర్చుగల్ నుంచి వచ్చి ఈ ఊళ్లో సగం కాలిబాటలకు సిమెంటు పోశానని, ఇప్పుడు వాటి మీద నడవడమే తన పని అని పరిచయం చేసుకున్నాడు. మేము కూర్చోగానే సంచి మా వైపు జరిపాడు. లోపల బేకరీ నుంచి అప్పుడే తెచ్చిన కస్టర్డ్ బన్నులు, ఇంకా ఆవిరి వస్తోంది.

"తీసుకోండి, నాకు ఇన్ని వద్దు. డాక్టరు అసలే వద్దన్నాడు" అన్నాడు ఇంగ్లీషులో.

"థాంక్యూ, మేము తినేసే వచ్చాం" అన్నాను.

ఆయన సంచి తన వైపుకు లాక్కుని తల ఆడించాడు. "మీ దేశం నుంచి చాలామంది ఇక్కడ నడుస్తారు. ఎప్పుడడిగినా, ఎవరినడిగినా, తినేసే వచ్చామంటారు. పాతికేళ్ల కుర్రాడూ అదే మాట, మీరూ అదే మాట. మీ ఇళ్లల్లో అర్ధరాత్రే వంట మొదలుపెడతారా?"

మమత ఫక్కున నవ్వింది. ఆ ఉదయం అదే ఆమె మొదటి అసలైన నవ్వు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది కానీ ఆగలేదు.

"ఏమిటా నవ్వు?" అన్నాను తెలుగులో.

"మీరు తినలేదు కదా అమ్మమ్మగారూ."

"నీకెలా తెలుసు?"

"డబ్బా మూత మీద పచ్చడి సీసా కట్టినట్టే ఉంది. స్టేషన్ నుంచి చూస్తున్నా."

మొహమాటమనేది మనలో ఎంత లోతుగా ఉందంటే, ఆకలితో ఉన్నా ఎదుటివాళ్లు పెట్టబోతే నోరు దానంతటదే 'తిన్నాను' అంటుంది. నాలుగిళ్లు తిరిగితే నాలుగిళ్లలోనూ అంటాం. దాన్ని అబద్ధమని మన పిల్లలకు ఎవరం నేర్పలేదు, నేనూ నేర్పలేదు. కాబట్టి ఆ ఒక్కదాన్ని లెక్కలోంచి కొట్టేశాను. మిగిలిన రెండూ అలా కొట్టేసేవి కావు.

"సరే, తిండి మాట వదిలేద్దాం. అది మర్యాద. కానీ నిద్రపోయానన్నావు, పగటి షిఫ్టు అన్నావు. అవి మర్యాద కావు" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. చెయ్యి నుదుటి మీది గీత దగ్గరికి వెళ్లింది. తర్వాత మాట్లాడిన భాష వేరు. అంతవరకూ నాకోసం సర్దుకుని మాట్లాడిన మాటలు పోయి ఆమె సొంతూరు మిర్యాలగూడ యాస పలికింది.

"నైట్ షిఫ్టే. పొద్దుగాల ఆరింటికి అయిపోయింది, సీదా ఇటే వచ్చిన. నిన్న రాత్రి ఎనిమిదింటికి ఇంత అన్నం తిన్న, గంతే. తినలేదంటే గది కోసం వచ్చి టిఫిన్ కూడా అడిగినట్టుంటదని చెప్పలే."

"షిఫ్టు సంగతి?"

"ఇప్పటిదాంక తొమ్మిది ఇండ్లు అడిగిన. నైట్ అనంగనే వద్దంటున్నరు. మీ యాడ్‌ల కూడా అదే ఉండె. పగలు కాలేజీ ఉంటది, రాత్రి కాకపోతే ఇంకెప్పుడు పని చెయ్యాలె?"

"నేను అడగకపోతే ఎప్పుడు చెప్పేదానివి?"

ఈ ప్రశ్నకు తొందరపడలేదు. పక్కన పెద్దాయనకు భాష అర్థం కాకపోయినా బన్ను తినడం ఆపి చూస్తున్నాడు.

"మొదటి నెల అయినంక. సామాను సర్దుకున్నంక చెప్తే పొమ్మనరని అనుకున్న."

తనకే ఇంత నష్టం కలిగించే జవాబును ఎవరూ కల్పించి చెప్పరు. 'ఈరోజే చెబుదామనుకున్నానండి' అంటే సరిపోయేది, నేను తప్పు పట్టలేకపోయేదాన్ని. బడిలో వందల మంది పిల్లలు అలాగే అన్నారు. ఈ పిల్ల గది పోతుందని తెలిసి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నాకు కావలసిన మనిషి ఎవరో నాకు తెలిసిపోయింది. ఇక మిగిలింది షరతు. రాత్రి షిఫ్టులు వద్దన్నది తలుపు చప్పుడు కోసం, మైక్రోవేవ్ కూత కోసం. చప్పుడును ఆపవచ్చు. ఆరింటికి పని ముగిస్తే ఇంటికి వచ్చేసరికి ఏడవుతుంది, నాలుగున్నర నుంచీ నేను మేలుకునే ఉంటాను.

"పక్క తలుపుతో రావాలి. బూట్లు బయట మెట్టు మీదే విప్పాలి. ఏడున్నర లోపు మైక్రోవేవ్ ముట్టుకోకూడదు. షిఫ్టు మారితే ముందురోజే నాకు చెప్పాలి. తర్వాత కాదు, ముందు" అన్నాను.

ఆమె తల ఎత్తింది. "అంటే, గది...?"

"వచ్చే శనివారం సామాను తెచ్చుకో. విజయకు నేను చెబుతాను."

డబ్బా విప్పి ఆమె చేతిలో పెట్టాను. ఎనిమిది ఇడ్లీలు తెచ్చాను, నాకు రెండు మిగిల్చింది, అదీ 'మీకు?' అని మూడుసార్లు అడిగి. పెద్దాయన అల్లం పచ్చడి రుచి చూస్తానని వేలితో తీసుకుని, కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ ఇది ఆయుధమా అని అడిగాడు. అప్పుడు నేను ఆయన సంచిలోంచి బన్ను అడిగి తీసుకున్నాను. చాలా బాగుంది. ఏ బేకరీయో అడిగితే, స్టర్లింగ్ రోడ్డు దాటాక ఎవరినడిగినా చూపిస్తారన్నాడు.

బ్లూర్ వంతెన దాటాక దారి ఇంకో పది నిమిషాలే. చివర్లో గాలి అటునుంచి వీస్తే చాక్లెట్ వాసన వస్తుంది, దగ్గర్లో ఒక ఫ్యాక్టరీ ఉంది. మమత ఆ వాసన పీల్చి, తన ఫ్యాక్టరీలో ఈస్టు వాసన తప్ప ఇంకోటి రాదని చెప్పింది. దారి డండాస్ వీధి దగ్గర ముగుస్తుంది. అక్కడ స్ట్రీట్‌కార్, అంటే ట్రాము, ఎక్కితే మళ్లీ డండాస్ వెస్ట్ స్టేషన్‌కే తెస్తుంది. తొమ్మిదిన్నరకు మళ్లీ ఆ స్టేషన్‌లో ఉన్నాం, మధ్యలో కూర్చున్నదంతా కలుపుకొని. రెండు గంటలు దాటకుండా చూసుకుంటే రానూపోనూ ఒక్క టికెట్టుతో అయిపోయేది, మాకు కొద్ది నిమిషాల తేడాతో తప్పింది, ఇంకో రెండు డాలర్ల పాతిక సెంట్లు పడ్డాయి. ఆ ఆలస్యానికి నాకు చింత లేదు. మమత తిరుగు సబ్‌వేలో నా భుజం మీద తల పెట్టి కిప్లింగ్ దాకా నిద్రపోయింది. ఈసారి సారీ చెప్పలేదు.

ఈ దేశం వచ్చాక నేను చూసిన పార్కులన్నింటిలో ఇదే నాకు నచ్చింది. పనికిరాదని వదిలేసిన కట్టను పెళ్లగించి పారేయకుండా, దాని మీద మనుషులను నడవనిచ్చారు. ఒక పని కోసం పెట్టిన నియమం ఆ పని తీరాక అడ్డమే అవుతుంది, కానీ దాన్ని తీసేసే ముందు ఎందుకు పెట్టామో గుర్తుండాలి. ఇప్పుడు మమత మా ఇంట్లోనే ఉంటోంది. ఏడింటికి పక్క తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంటుంది, మెట్టు మీద పిండి అంటిన బూట్లు కనిపిస్తాయి. మొదటివారం నేను పై నుంచి "తిన్నావా?" అని అడిగేదాన్ని, కింద నుంచి "తిన్నానండి" అని వచ్చేది, రోజూ అదే మాట. తర్వాత అడగడం మానేశాను.

మీరు వెళ్లేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆదివారం సబ్‌వే ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి శనివారం పొద్దున్నే బయల్దేరండి, ఎవరితో వెళ్తున్నా టిఫిన్ మాత్రం ఇద్దరికి సరిపడా తీసుకెళ్లండి. తిన్నారా అని అడగకండి. మూత తీసి చేతిలో పెట్టండి.